స్కాచ్ ఎగ్‌కు చుట్టే మాంసాన్ని ప్యాకెట్టుకు వదిలేయకండి

2020 చివరలో, కరోనా ఆంక్షలు అమలులో ఉన్న రోజుల్లో, ఇంగ్లండ్‌లో ఒక వింత వాదం నడిచింది. కొన్ని ప్రాంతాలలో పబ్బులు మద్యం అమ్మాలంటే దానితోపాటు కడుపు నిండే భోజనం కూడా వడ్డించాలని ప్రభుత్వం నియమం పెట్టింది. మరి స్కాచ్ ఎగ్‌ను భోజనంగా లెక్కించవచ్చునా? మంత్రి జార్జ్ యూస్టిస్ లెక్కించవచ్చునన్నారు. మరో మంత్రి మైకేల్ గోవ్ తన దృష్టిలో అది భోజనానికి ముందు తినే చిరుతిండి మాత్రమేనని మొదట అన్నారు. ఆ తరువాత భోజనమేనని ఒప్పుకున్నారు. దేశమంతా నవ్వుకుంది.

నవ్వు మాట అటుంచితే, వైద్యుడిగా నాకు అందులో ఒక లోటు కనిపించింది. అది భోజనమా, ఫలహారమా అని అంతమంది తర్కించారు. ఆ గుడ్డుకు చుట్టిన మాంసం ఎటువంటిదని అడిగినవారు మాత్రం నాకు కనబడలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

తెలియనివారి కోసం ఒక్క మాట. ఉడికించి పెంకు ఒలిచిన గుడ్డు చుట్టూ మసాలా కలిపిన మెత్తని మాంసాన్ని పొరగా చుట్టి, మైదాపిండిలోను, గిలకొట్టిన గుడ్డుసొనలోను, బ్రెడ్ పొడిలోను పొర్లించి, నూనెలో దేవితే అది స్కాచ్ ఎగ్. బ్రిటన్‌లో వనభోజనాలకు, ప్రయాణాలకు, పబ్బుల్లో పానీయం పక్కన నంజుకోవడానికి ఇది ప్రసిద్ధం. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు దీనిని మన పిల్లలు బజ్జీలు అడిగినట్లు అడుగుతారు. వంటల వీడియోల పుణ్యమా అని ఇప్పుడు మన నగరాల వంటిళ్లలోకి కూడా వచ్చింది.

దీనిని ఇంట్లో చేసుకోవడం మంచిదే. నా అభ్యంతరం వంటకం మీద కాదు, దాని విధానంలోని మొదటి వాక్యం మీద. దాదాపు ప్రతి వంటల పుస్తకం, ప్రతి వీడియో ఒకే మాటతో మొదలవుతుంది: మంచి రకం సాసేజ్ మీట్ తీసుకోండి, అది దొరక్కపోతే మంచి సాసేజ్‌లు తెచ్చి, పైతొడుగు చీల్చి, లోపలి మాంసాన్ని పిండుకోండి. అక్కడితో ఆ విషయం ముగుస్తుంది. గుడ్డు ఎన్ని నిమిషాలు ఉడకాలో, బ్రెడ్ పొడి ఎంత కరకరలాడాలో పేజీలకు పేజీలు చెప్పే మహానుభావులు, తినేదాంట్లో సగానికి పైగా ఉండే మాంసం గురించి ఒక్క విశేషణంతో సరిపెడతారు. ఈ సలహా సోమరితనం నుంచి పుట్టినది, ఆరోగ్యానికి చేటు చేసేది అని నా వాదం.

మాటలోనే ఉన్న మెలిక

సాసేజ్ మీట్ అనగానే అది మాంసంలో ఒక రకమని మనం అనుకుంటాము. తొడ మాంసం, భుజం మాంసం, పొట్ట మాంసం ఉన్నట్లే సాసేజ్ మాంసం ఒకటి ఉందనుకుంటాము. నిజానికి అది ఒక మిశ్రమం. మాంసం, అదనపు కొవ్వు, నీరు, గోధుమ రస్కు పొడి, ఉప్పు, మసాలా, నిల్వ పదార్థం, కొన్నింటిలో నీటిని పట్టి ఉంచే ఫాస్ఫేట్ లవణాలు. ఇవన్నీ వేరెవరో తమ సౌకర్యం కొద్దీ కలిపి ఇచ్చిన ముద్ద అది.

అందులో మాంసం ఎంత ఉండాలి? ఇంగ్లండ్ చట్టం దీనికి కనీస హద్దు నిర్ణయించింది. 'పోర్క్ సాసేజ్', 'పోర్క్ సాసేజ్ మీట్' అని పేరు పెట్టాలంటే అందులో పంది మాంసం కనీసం 42 శాతం ఉండాలి. 'పోర్క్' అన్న పదం వదిలేసి ఉత్త 'సాసేజ్' అని పేరు పెడితే పంది మాంసం విషయంలో ఆ హద్దు 32 శాతానికి దిగుతుంది. పైగా చట్టం దృష్టిలో మాంసం అంటే కండ ఒక్కటే అనుకోకండి. పంది మాంసం విషయంలో కొవ్వు 30 శాతం వరకు మాంసం లెక్కలోనే కలుస్తుంది. అంటే 100 గ్రాముల ముద్దలో చట్టం కోరిన 42 గ్రాముల మాంసంలో పన్నెండున్నర గ్రాముల దాకా కొవ్వే ఉండవచ్చు. మిగిలిన 58 గ్రాములలో నీరు, రస్కు, అదనపు కొవ్వు, ఉప్పు ఉండవచ్చు. అమ్మేవాడు చట్టాన్ని ఏమాత్రం అతిక్రమించకుండానే ఇదంతా చేయవచ్చు.

80, 90 శాతానికి పైగా మాంసం ఉన్న సాసేజ్‌లు కూడా దొరుకుతాయి గదా అని మీరు అడగవచ్చు. దొరుకుతాయి, వాటి ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. కానీ మాంసం శాతం పెరిగినంత మాత్రాన ఉప్పు తగ్గదు, నిల్వ పదార్థం మాయం కాదు. ముందువైపు ముద్రించిన పెద్ద అంకె చూసి మురిసిపోయేవారు వెనుకవైపు చిన్న అక్షరాలను కూడా చదవాలి.

ఉప్పు లెక్క

వృత్తిలో ఉన్నన్ని సంవత్సరాలు రక్తపోటు రోగులకు నేను చెప్పిన మాట ఒకటే: ఉప్పు డబ్బాలో కనిపించే ఉప్పు కన్నా, కనిపించని ఉప్పుకు ఎక్కువగా భయపడండి. మన ఇళ్లలో ఆ కనిపించని ఉప్పు ఆవకాయలో, అప్పడంలో, ఊరమిరపకాయలో దాక్కుంటుంది. బ్రిటన్‌లో దాని నివాసాలలో సాసేజ్ ఒకటి.

అక్కడి ప్యాకెట్ల మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల గుర్తులుంటాయి. 100 గ్రాముల ఆహారంలో ఒకటిన్నర గ్రాములకు మించి ఉప్పు ఉంటే ఎరుపు. సాసేజ్ ఆ గీతకు కాస్త ఇటుగా నిలిచి పసుపు రంగు సంపాదించుకుంటే చాలామంది దానిని ఆరోగ్యకరమైనదిగా భావిస్తారు. లెక్క వేయండి. ఒక గుడ్డుకు చుట్టడానికి 70 గ్రాముల ముద్ద పట్టిందనుకుందాం. 100 గ్రాములకు ఒకటిన్నర గ్రాముల చొప్పున ఆ పొరలోనే ఒక గ్రాముకు పైగా ఉప్పు ఉంటుంది. పై బ్రెడ్ పొడిలోని ఉప్పు దీనికి అదనం. పెద్దవారికి రోజు మొత్తానికి 5 గ్రాములకు లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 3 గ్రాములు మించరాదని బ్రిటన్ ఆరోగ్య శాఖ సూచన. అంటే బడికి పంపిన ఒక్క స్కాచ్ ఎగ్‌తో ఐదేళ్ల పిల్లవాడి రోజువారీ ఉప్పులో మూడో వంతు ముగిసిపోతుంది. ఆ డబ్బాలోనే చిప్స్ పొట్లం ఒకటి ఉంటే మిగిలిన లెక్క నేను చెప్పనక్కరలేదు.

అదే మాంసాన్ని మీరే కలుపుకుంటే? అర కిలో ఖీమాకు 4 గ్రాముల ఉప్పు సరిపోతుంది. దానిని ఏడు గుడ్లకు పంచితే ఒక్కొక్కదానికి అర గ్రాముకు కాస్త పైన. ఉప్పు దాదాపు సగానికి తగ్గింది. నిమ్మతొక్క తురుము, మిరియాలు, జాపత్రి ఉన్నచోట నాలుకకు ఆ తేడా పెద్దగా తెలియదు. రక్తనాళాలకు మాత్రం తెలుస్తుంది.

ఉప్పు పూర్తిగా మానేయమని నేను చెప్పడం లేదు. ఉప్పు తగిలినప్పుడు మాంసంలోని ప్రోటీన్లు కొన్ని కరిగి బయటికి వచ్చి జిగురుగా మారతాయి. ఆ జిగురే ఖీమాను గుడ్డుకు అంటిపెట్టుకునేలా చేస్తుంది. అసలు ఉప్పు లేని ఖీమా నూనెలో పడగానే విచ్చిపోతుంది. కావలసినంత వేయడం వేరు, ఎవరో వేసినదంతా తినడం వేరు.

ఎర్రగా ఉంటే తాజా అనుకోకండి

బ్రిటన్ సాసేజ్‌లలో సాధారణంగా వాడే నిల్వ పదార్థాలు సల్ఫైట్లు. ప్యాకెట్టు మీద సోడియం మెటాబైసల్ఫైట్ అనో, ఇ 223 అనో కనిపిస్తుంది. సూక్ష్మజీవుల పెరుగుదలను అది నిరోధిస్తుంది, కాదనను. కానీ దానికి మరో గుణముంది. మాంసం ఎర్రదనాన్ని అది కాపాడుతుంది. వయసు మీరిన మాంసం కూడా అప్పుడే కొట్టినట్లు కళకళలాడుతుంది. ఈ కారణంగానే ఉత్త ఖీమాలో సల్ఫైట్లు కలపడానికి అక్కడ అనుమతి లేదు. నిర్దేశిత రకం సాసేజ్‌లలో, బర్గర్ మిశ్రమంలో మాత్రం కిలోకు 450 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉంది.

ఈ రెండు వాక్యాలను మరొకసారి చదవండి. దుకాణంలో ఖీమా, సాసేజ్ మీట్ పక్కపక్కనే ఉంటాయి. మొదటిది పాతబడితే రంగు మారి మీకు హెచ్చరిక ఇస్తుంది. రెండవదానిలో ఆ హెచ్చరికను చట్టబద్ధంగానే మాన్పించవచ్చు. ఆరోగ్యం తెలిసినవాడు దేనిని ఎంచుకోవాలి?

అందరికీ సల్ఫైట్ హాని చేయదు. ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి మాత్రం అది ఆయాసాన్ని రేపుతుంది. అందుకే అక్కడ ప్యాకెట్ల మీద ప్రత్యేకంగా చూపవలసిన 14 అలర్జీ పదార్థాలలో దానిని చేర్చారు. మాంసంలోని థయమిన్ అనే బి1 విటమిన్‌ను కూడా సల్ఫైట్లు నశింపజేస్తాయి. పంది మాంసానికి పోషక విలువ తెచ్చే ముఖ్యమైన గుణాలలో ఆ విటమిన్ ఒకటి. గోధుమ రస్కు సంగతి సీలియాక్ వ్యాధి ఉన్నవారు మరువరాదు.

ఇక క్యాన్సర్ మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015 అక్టోబరులో ప్రాసెస్ చేసిన మాంసాన్ని మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాముల చొప్పున తినేవారిలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని తెలిపింది. ఈ మాటను పట్టుకుని సాసేజ్, సిగరెట్టు ఒకటేనని ప్రచారం చేసేవారున్నారు. అది తప్పు. ఒకే వర్గంలో ఉన్నాయంటే ఆధారాల బలం సమానమని అర్థం, ప్రమాదపు పరిమాణం సమానమని కాదు. 18 శాతం పెరుగుదల కూడా ఉన్న ముప్పు మీద పెరుగుదలే గాని, నూటికి పద్దెనిమిది మందికి క్యాన్సర్ వస్తుందని కాదు. అయినా బ్రిటన్ ఆరోగ్య శాఖ సాసేజ్‌లను ప్రాసెస్ చేసిన మాంసాల జాబితాలోనే ఉంచింది. ఎర్ర మాంసం, ప్రాసెస్ చేసిన మాంసం కలిపి రోజుకు 90 గ్రాములకు మించి తినేవారు 70 గ్రాములకు తగ్గించుకోవాలని సూచిస్తోంది. ఎప్పుడో ఒకసారి తినే స్కాచ్ ఎగ్ ఎవరినీ చంపదు. అయితే తప్పించుకోవడానికి ఇంత సులువైన దారి ఉన్నప్పుడు, ఆ ముప్పును ఇంట్లోకి ఎందుకు పిలవాలి?

చికెన్ సాసేజ్ అనే భ్రమ

పంది మాంసం వద్దనుకునే తెలుగువారు అనేకులు. వారికి వెంటనే తోచేది చికెన్ సాసేజ్. కోడి మాంసం గదా, తేలిక అనుకుంటారు. మన నగరాల దుకాణాలలో శీతలపెట్టెల్లో దొరికే చికెన్ సాసేజ్‌లలో ఎక్కువ భాగం బ్రిటన్ సాసేజ్‌ల వంటివి కావు. అవి మాంసాన్ని పిండిలా రుబ్బి, ముందే ఉడికించి గట్టిపరచినవి. తొడుగు చీల్చితే పచ్చి ఖీమా రాదు, రబ్బరు ముక్క వంటిది వస్తుంది. దానిని చిదిమి గుడ్డుకు చుట్టాలని ప్రయత్నించినవారు విఫలమై, మైదా, కార్న్‌ఫ్లోర్ కలిపి నానా అవస్థలు పడతారు.

వంట చెడడం చిన్న సమస్య. ప్యాకెట్టు తిప్పి చూడండి. సోడియం నైట్రైట్, లేదా ఐఎన్ఎస్ 250, అని ఉన్నదేమో గమనించండి. సాసేజ్‌కు గులాబీ రంగునిచ్చేది అదే. కడుపులో, పేగులలో నైట్రోసమైన్లు తయారు కావడానికి దారితీసే పదార్థం అదే. విచిత్రమేమిటంటే బ్రిటన్‌లో దొరికే పచ్చి పంది సాసేజ్‌లలో సాధారణంగా నైట్రైట్ వాడరు. అంటే 'బరువైన' పంది మాంసాన్ని కాదని 'తేలికైన' చికెన్ సాసేజ్ ఎంచుకున్న మనిషి, లేని నైట్రైట్‌ను కొని తెచ్చుకున్నాడు. జంతువు పేరు చూసి ఆరోగ్యాన్ని నిర్ణయించకండి. ఆ మాంసానికి ఏమి జరిగిందో చూసి నిర్ణయించండి.

దీనికి తోడుగా మరో భ్రమ ఉంది. కొవ్వు ఎంత తక్కువైతే అంత మంచిదని 5 శాతం కొవ్వున్న ఖీమా, లేదా చికెన్ బ్రెస్ట్ ఖీమా కొనడం. ఈ వంటకానికి అది పనికిరాదు. కొవ్వు లేని పొర వేడికి ముడుచుకుని పగుళ్లు ఇస్తుంది. ఆ పగుళ్లలోకి నూనె చేరుతుంది. మాంసంలో తప్పించుకున్న కొవ్వును బాణలిలో నుంచి తిరిగి తెచ్చుకున్నట్లయింది. నేను చెప్పేది ఇది: 15 నుంచి 20 శాతం కొవ్వున్న మాంసాన్ని వాడండి, దాని పరిమాణాన్ని తగ్గించండి. గుడ్డు చుట్టూ రెండు వేళ్ల మందాన మాంసం దట్టించే అలవాటే అసలు దోషం. పొర సెంటీమీటరుకు మించరాదు.

సొన కారాలని మాంసాన్ని పచ్చిగా వదలడం

ఈ మధ్య స్కాచ్ ఎగ్ కోస్తే పచ్చసొన తేనెలా కారాలన్నది ఒక వెర్రిగా మారింది. గుడ్డును ఆరు నిమిషాలే ఉడికించి, సొన గట్టిపడుతుందేమోనన్న భయంతో నూనెలో నుంచి త్వరగా తీసేస్తారు. ఇందులో ఉన్న ప్రమాదం గుడ్డు కన్నా మాంసానిది.

1988 డిసెంబరులో ఎడ్వినా కర్రీ అనే బ్రిటన్ ఆరోగ్య శాఖ సహాయమంత్రి దేశంలో గుడ్ల ఉత్పత్తిలో అధికభాగం సాల్మొనెల్లాకు గురైందని ప్రకటించి, పెద్ద దుమారం రేపి, పదవికి రాజీనామా చేశారు. ఆ తరువాత కోళ్లకు టీకాలు వేయడం మొదలైంది. సింహం ముద్ర ఉన్న గుడ్లు అంత సురక్షితమయ్యాయి గనుకనే, 2017లో అక్కడి ఆహార ప్రమాణాల సంస్థ గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు కూడా వాటిని సగం ఉడికించి తినవచ్చునని ప్రకటించింది. ఆ ముద్ర గుడ్డుకే వర్తిస్తుంది. చుట్టూ ఉన్న ఖీమాకు అటువంటి హామీ ఏదీ లేదు. మన దేశంలో గుడ్లకూ ఆ ముద్ర లేదు గనుక ఇక్కడ గట్టిగా ఉడికించడమే శ్రేయస్కరం.

మాంసపు ముక్కకు, ఖీమాకు ఒక భేదముంది. ముక్క మీద సూక్ష్మజీవులు ప్రధానంగా పై ఉపరితలంలో ఉంటాయి. పైభాగం కాలితే అవి నశిస్తాయి. ఖీమా కొట్టినప్పుడు ఆ ఉపరితలమంతా లోపలికి కలిసిపోతుంది. అందువల్ల ఖీమా మధ్యభాగం కూడా పూర్తిగా ఉడకాలి. స్కాచ్ ఎగ్‌లో ఇది మరింత కష్టం. పైనున్న బ్రెడ్ పొడి మూడు నాలుగు నిమిషాలలోనే బంగారు రంగు తిరిగి, అయిపోయిందని మనలను మభ్యపెడుతుంది. లోపలున్న చల్లని గుడ్డు వేడిని పీల్చుకుంటూ, తనను ఆనుకుని ఉన్న మాంసాన్ని చల్లగానే ఉంచుతుంది. చివరికి ఉడకకుండా మిగిలేది సరిగ్గా ఆ సరిహద్దే.

బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ సూచన ప్రకారం మాంసం మధ్యభాగం 70 డిగ్రీల సెల్సియస్ వద్ద రెండు నిమిషాలు, లేదా 75 డిగ్రీల వద్ద అర నిమిషం ఉండాలి. యూరప్‌లో హెపటైటిస్ ఇ వైరస్‌కు, సరిగా ఉడకని పంది మాంసానికి సంబంధముందని తేలింది. అవయవమార్పిడి జరిగినవారిలో అది దీర్ఘకాలిక కాలేయవ్యాధిగా మారవచ్చు. మన దేశంలో సరిగా ఉడకని పంది మాంసం వల్ల పేగులలో బద్దెపురుగు చేరుతుంది. ఆ పురుగు గుడ్లు మలం ద్వారా బయటపడి, చేతుల ద్వారా, నీటి ద్వారా మరొకరి కడుపులోకి చేరితే మెదడులో తిత్తులు ఏర్పడి మూర్ఛ వస్తుంది. పంది మాంసం జోలికి పోని శాకాహారి కూడా ఆ మూర్ఛకు గురికావడానికి కారణం ఇదే.

రంగు చూసి ఉడికిందో లేదో చెప్పగలమని గొప్పలు పోకండి. నైట్రైట్ కలిసిన మాంసం ఎంత ఉడికినా గులాబీ రంగులోనే ఉంటుంది. కొన్ని ఖీమాలు ఉడకకముందే గోధుమ రంగు తిరుగుతాయి. మాంసంలో గుచ్చి చూసే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. దానిని పక్కవాటుగా గుచ్చి, మాంసం గుడ్డును తాకే చోట కొలవండి. సొన కారాలా, గట్టిపడాలా అన్నది ఆ తరువాతి సంగతి.

పాత పుస్తకం, పాత నగరం

సాసేజ్ మీట్ లేకపోతే అది స్కాచ్ ఎగ్ ఎలా అవుతుంది, సంప్రదాయం చెడిపోదా అని అడిగేవారున్నారు. సంప్రదాయం మాటే ఎత్తితే కాస్త వెనక్కి వెళదాం. లండన్‌లోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ దుకాణం 1738లో తామే దీనిని కనిపెట్టామని చెప్పుకుంటుంది. అచ్చులో తొలి విధానాలలో ఒకటి మరియా రండెల్ వంటల పుస్తకం 1809 ముద్రణలో ఉంది. ఆమె గుడ్డుకు చుట్టమన్నది ఇంట్లో కలుపుకున్న మాంసపు ముద్ద. రుచికి అందులో కొంచెం గీరిన హామ్ గాని, తరిగిన ఆంచోవీ చేప గాని చేర్చమన్నారు. సాసేజ్ చీల్చి పిండమని ఆమె చెప్పలేదు. ఆ రోజుల్లో గృహిణికి తన వంటకంలో ఉప్పు ఎంత పడుతున్నదో తెలుసు. సంప్రదాయమని ఇప్పుడు మనం వెనకేసుకొస్తున్నది తరువాత వచ్చిన దుకాణపు సౌకర్యాన్ని.

మనకు దగ్గరి ఉదాహరణ మరొకటుంది. స్కాచ్ ఎగ్‌కు మూలం మొగలాయీ వంటకమైన నర్గీసీ కోఫ్తాయేనని వాదించేవారున్నారు. ఆ వాదం తేలేది కాదు, తేలవలసిన అవసరమూ లేదు. కానీ హైదరాబాద్ పాత ఇళ్లలో నర్గీసీ కోఫ్తా చేసే తీరు చూడండి. మాంసం ఎంచి, ఖీమా కొట్టించి, మళ్లీ మెత్తగా నూరి, అంటుకోవడానికి వేయించిన శనగపప్పు పొడి కలుపుతారు. అల్లం, వెల్లుల్లి, గరంమసాలా పడతాయి. రస్కు, సల్ఫైట్, ఫాస్ఫేట్ అక్కరలేదు. కోస్తే తెలుపు, పసుపు రంగులలో నర్గిస్ పువ్వులా విచ్చుకుంటుంది గనుక ఆ పేరు వచ్చింది. ఆ విద్య ఉన్న నగరంలో కూర్చుని, గడ్డకట్టిన చికెన్ సాసేజ్‌ను చిదిమి గుడ్డుకు పూయడం చూస్తే నాకు జాలి వేస్తుంది.

మరేం కొనాలి, ఏం చేయాలి?

విమర్శించి ఊరుకోవడం వైద్యుడి పని కాదు. మందు కూడా చెప్పాలి.

1. పంది మాంసం తినేవారు భుజం భాగం అడగండి. కండ, కొవ్వు సహజంగానే సరైన పాళ్లలో ఉంటాయి. మరీ కండగా కనిపిస్తే కాస్త పొట్ట భాగం కలిపించండి. మీ కళ్లెదుట ఖీమా కొట్టించుకోండి, ఆ రోజే వాడండి.

2. కోడి మాంసమైతే చర్మం తీసిన తొడ మాంసం. బ్రెస్ట్ ఒక్కటే వద్దు. మేక, గొర్రె మాంసమైతే భుజం భాగం, రెండుసార్లు కొట్టించినది.

3. అర కిలో ఖీమాకు 4 గ్రాముల ఉప్పు, ఒక చెంచా మిరియాల పొడి, కొద్దిగా జాపత్రి లేదా జాజికాయ, నిమ్మతొక్క తురుము, సన్నగా తరిగిన సేజ్ ఆకు. సేజ్ దొరకనిచోట పుదీనా, కొత్తిమీర. ఒక్క ముక్క బ్రెడ్ పొడి చేసి కలిపితే చాలు. గోధుమ పడనివారు వేయించిన శనగపప్పు పొడి వాడండి.

4. ఖీమా చల్లగా ఉండగానే రెండు మూడు నిమిషాలు గట్టిగా పిసకండి. చేతికి అంటుకునేంత జిగురు రావాలి. అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి.

5. ఒక గుడ్డుకు 70 గ్రాములు మించవద్దు. గుడ్డును తడి లేకుండా తుడిచి, పొడిపిండి అద్ది, ఆ తరువాత చుట్టండి.

6. నూనె 170 డిగ్రీల దగ్గర ఉండాలి. రంగు వచ్చేదాకా దేవి, ఆపై 180 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు ఉంచండి. ఓవెన్ లేనివారు మంట తగ్గించి నిదానంగా దేవండి. ఏ పద్ధతిలోనైనా చివరి మాట థర్మామీటర్‌దే.

7. పచ్చి ఖీమా తాకిన చేతులు, కత్తి, పలక సబ్బుతో కడగకుండా మరేదీ ముట్టుకోవద్దు. పిల్లల డబ్బాలో పెట్టేటప్పుడు పూర్తిగా చల్లార్చి, ఫ్రిజ్‌లో ఉంచి, మంచుపొట్లంతో పంపండి.

ఇదంతా ఎవరికి తీరిక అని కొందరు విసుక్కుంటారు. స్కాచ్ ఎగ్ తీరిక లేనివారి వంటకం కాదు. గుడ్లు ఉడికించి, ఒలిచి, చుట్టి, మూడు పళ్లేలలో పొర్లించి, దేవే ఓపిక ఉన్నవారికి ఖీమాలో ఉప్పు, మిరియాలు కలిపే పది నిమిషాలు భారమవుతాయని నేను నమ్మను. గంట సేపు కష్టపడి, ఆ గంటలో అతి ముఖ్యమైన పది నిమిషాలను కర్మాగారానికి అప్పగించి, పైగా 'ఇంట్లో చేశాం' అని చెప్పుకోవడమే నాకు నచ్చని సంగతి.

'ఇంట్లో చేసినది' అన్న మాటకు మన సమాజంలో ఒక పవిత్రత ఉంది. ఆ మాట వింటే రోగి ధీమాగా తింటాడు, తల్లి ధీమాగా పెడుతుంది, వైద్యుడు కూడా అభ్యంతరం చెప్పడానికి వెనుకాడతాడు. ఆ ధీమాకు తగిన అర్హత ఆ వంటకానికి ఉండాలి. గుడ్డు మీరు ఉడికించారు, పొడి మీరు అద్దారు, నూనె మీరు కాచారు. మధ్యలో ఉన్న మాంసం కూడా మీకు తెలిసినదై ఉన్న రోజున, ధైర్యంగా ఆ మాట చెప్పుకోండి. రక్తపోటు ఉన్న పెద్దవారికి సగం, పిల్లలకు ఒకటి, పక్కన గిన్నెడు కీరా, క్యారెట్ ముక్కలు పెట్టండి. వారానికి ఒకసారికి మించకుండా తినండి. అప్పుడు ఆ వంటకం మీద ఈ వైద్యుడికి ఏ ఫిర్యాదూ లేదు.